రెండో సిలిండర్

శుక్రవారం పొద్దున అయిదింటికి జీనుల గది తలుపు మీద చెయ్యి వేసేసరికి ఆర్లో బెనెష్ వేళ్ళకు చల్లగా ఇనుము తగిలింది. గడియకు తాళం వేలాడుతోంది. కొత్త తాళం. దుకాణంలో అంటించిన చీటీ కూడా ఇంకా ఊడలేదు.

మా ఇసుక గుట్టల్లో తలుపులకు తాళాలు వేయరు. నెబ్రాస్కాలో ఈ మూల పొరుగిల్లంటే ఏడెనిమిది మైళ్ళు. మంచు తుపానులో దారి తప్పినవాడు ఎవరింటి తలుపైనా తోసుకుని లోపలికెళ్ళి, పొయ్యి రాజేసుకుని, దొరికింది తిని, గిన్నె కడిగిపెట్టి పోతాడు. ఇంటివాళ్ళు తిరిగొచ్చి ఆ గిన్నె చూసి, ఎవరో పాపం బతికి బయటపడ్డారు అనుకుంటారు. అలాంటి చోట తాళం వేశారంటే అది దారినపోయే దొంగ కోసం కాదు, తెలిసిన మనిషి కోసం. రాయిస్ హాల్డెమన్ పశువుల రాంచ్‌లో అలా తెలిసిన మనిషి ఒక్కడే. ఇరవై రెండేళ్ళుగా అక్కడే పనిచేస్తూ, కొట్టం వెనకాల రెండు గదుల్లో ఒంటరిగా బతుకుతున్న ఆర్లో.

అతను తాళాన్ని లాగి చూడలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, పశువుల నీళ్ళతొట్టి అంచు మీద కూర్చున్నాడు. లోపల అతని జీను ఉంది, కళ్ళెం ఉంది, తాడు ఉంది. బయట గుర్రం కంచెకు మెడ ఆనించి అతనికేసి చూస్తోంది. ఇంకా ఎందుకు ఎక్కవు అన్నట్టు ముక్కు ఎగబీల్చింది. దానికేం చెప్పాలో ఆర్లోకి తెలియలేదు.

అరగంటకు రాయిస్ వచ్చాడు. కుడిచెయ్యి కోటు జేబులోనే ఉంది. ఈ ఏడాది ఆ చెయ్యి బయటికి తీయడం మానేశాడు. ఎడమచేత్తో తాళంచెవి తీసి, రెండుసార్లు కన్నం తప్పి, మూడోసారి తిప్పాడు.

"తాళం వేశావే," అన్నాడు ఆర్లో.

"ఆఁ. వస్తువులు మాయమవుతున్నాయిగా."

"వస్తువులు కాదు రాయిస్. ఒక్క రివాల్వర్."

రాయిస్ తలుపు పక్కన ఖాళీ మేకుకేసి చూశాడు. ఏళ్ళ తరబడి రివాల్వర్ ఆ మేకుకే వేలాడేది. ఎవరు గుర్రమెక్కితే వాళ్ళు నడుముకు కట్టుకుని పోయేవాళ్ళు. దానికి తూటాలు కూర్చే సిలిండర్లు రెండు. ఒకటి పొట్టి తూటాలకు, గిలకపాముల కోసం. రెండోది పొడుగు తూటాలకు, ఈనే కాలంలో దూడల చుట్టూ తిరిగే నక్కల కోసం. ఒకటి తీసి ఇంకొకటి పెట్టడానికి నిమిషం పట్టదు. ఏప్రిల్ మొదట్లో ఒకరోజు మేకు ఖాళీగా కనిపించింది, అంతే.

"రెండో సిలిండర్ నీ దగ్గరే ఉంది కదూ?" అన్నాడు రాయిస్.

"ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది. రాత్రుళ్ళు నక్కల కాపలా నాదే కదా. నీకు తెలీదా?"

"తెలుసు. నేనూ అదే అంటున్నా."

ఆర్లో జీను భుజాన వేసుకున్నాడు. బయటికి నడుస్తుంటే వెనకనుంచి రాయిస్ మళ్ళీ పిలిచాడు.

"వచ్చే శనివారం వాతలకి తాడు పక్క రాంచ్ లెస్టర్, వాళ్ళ తమ్ముడు వేస్తారు. నువ్వు సూదుల పని చూసుకో."

వాతల రోజున ఎవరు ఏ పని చేయాలో రాంచ్ యజమాని చెప్తాడు. చుట్టుపక్కల పదిహేను ఇళ్ళవాళ్ళు పిలవకుండానే వచ్చి, జీతం బత్తెం లేకుండా రోజంతా దూడల్ని పట్టి, ఎవరివో తెలిసేలా రాంచ్ గుర్తు వాతలు వేసి, భోంచేసి పోతారు. అందులో తాడు వేసేవాళ్ళు ఇద్దరే. గుర్రం మీద కూర్చుని దూడల వెనక కాళ్ళకు ఉచ్చు వేసి నిప్పు దగ్గరికి లాక్కొచ్చే ఆ పని అడిగితే దొరికేది కాదు, యజమాని నోరారా చెప్పాలి. ఇరవయ్యేళ్ళుగా హాల్డెమన్ వాతలకు తాడు వేసింది రాయిస్, ఆర్లో. దూడలకు టీకా సూదులు వేయడం చుట్టపు చూపుగా వచ్చిన బావమరుదులకు ఇచ్చే పని. శనివారం ఆర్లో చేతిలో సూది చూస్తే పదిహేను ఇళ్ళకూ ఎవరూ నోరు విప్పి చెప్పనక్కర్లేదు, సాయంత్రానికి కౌంటీ అంతా తెలుసుకుంటుంది. ఆ తర్వాత ఏ రాంచ్‌లో పని అడిగినా ముందు తాళమే ఎదురొస్తుంది.

పది గంటలకు రాయిస్ భార్య వెల్మా కాఫీ ఫ్లాస్కు, వేడి బన్ను పట్టుకుని కంచె దాకా వచ్చింది. పొడుగాటి మనిషి. గాలికి ఏప్రన్ రెపరెపలాడుతోంది.

"తాళం చూశాను," అంది. "వద్దని చెప్పా. వింటేగా."

"ఆయన రాంచ్, ఆయన తాళం."

"నువ్వు తియ్యలేదని నాకు తెలుసు ఆర్లో." అతని కళ్ళలోకి సూటిగా చూస్తూ అంది. "ఎవరేమనుకున్నా నాకు తెలుసు."

ఆర్లో బన్ను చేతిలో తిప్పుతూ తల ఊపాడు. ఈ గుట్టల్లో తనవైపు ఒక్క మనిషైనా ఉందనుకున్నాడు. ఆ రోజంతా ఆ ఒక్క మాట మీదే పని చేశాడు.

*

ఆదివారం కౌంటీ ఊళ్ళో తుపాకుల సంత. తిరునాళ్ళకు పందుల పోటీలు పెట్టే రేకుల కొట్టంలో వరసగా బల్లలు వేశారు. పందుల వాసన ఇంకా పోలేదు, దాని మీద తుపాకీ నూనె వాసన కూడా చేరింది. జనం బల్లల మధ్య మెల్లగా నడుస్తున్నారు. భుజాన రైఫిల్ వేలాడేసుకుని, గొట్టంలో అమ్మకానికి అని చీటీ దోపుకుని తిరిగేవాళ్ళు కొందరు.

ఆర్లో ఈ నెలన్నరలో ఏ తుపాకుల బల్ల కనిపించినా ఆగి చూడటం అలవాటు చేసుకున్నాడు. సిలిండర్‌ను పాత మేజోడులో పెట్టి కోటు జేబులో వేసుకుని తిరుగుతున్నాడు. దొరుకుతుందన్న ఆశ పెద్దగా లేదు. ఊరికే చేతులు కట్టుకుని కూర్చోలేక అంతే.

ఏడో బల్ల దగ్గర ఆగిపోయాడు.

పిడి చెక్కకు ఎడమవైపు కింద చిన్న పెచ్చు లేచి ఉంది. మూడేళ్ళ కిందట గుర్రం తొక్కినప్పుడు లేచిన పెచ్చు అది. దాన్ని జిగురుతో అతికించింది ఆర్లోనే, కాస్త వంకరగా. ఇప్పటికీ అలాగే వంకరగా ఉంది.

బల్ల వెనక పొట్టి ముసలాయన పొద్దుతిరుగుడు గింజలు నములుతూ డబ్బాలో ఊస్తున్నాడు.

"చూడు చూడు, పట్టుకుని చూడు. మంచి సరుకు," అన్నాడు. "నిజానికి రెండు రకాల తూటాలు కాల్చే తుపాకీ అది. ఇప్పుడు ఒక రకమే కాలుస్తుంది. జోడు పోయిన మొగుడిలా ఒంటరిగా ఉంది పాపం. రెండో సిలిండర్ లేదు."

ఆర్లో జేబులోంచి మేజోడు తీశాడు. దాన్ని విదిలించి సిలిండర్ అరచేతిలో వేసుకున్నాడు. ముసలాయన నమలడం ఆపేశాడు.

తూటాలు పెట్టే చిన్న తలుపు తెరిచి, వెనక సుత్తిని సగం లాగి, బొటనవేలితో గొళ్ళెం నొక్కి, ఇరుసును ముందుకు లాగాడు ఆర్లో. లోపలి సిలిండర్ పక్కకు దొర్లి చేతిలో పడింది. తనది ఆ చోట పెట్టాడు. ఇరుసు తోశాడు. టిక్కుమని కూర్చుంది. వేలితో తిప్పితే ఆరు గడులూ ఒకటి తర్వాత ఒకటి వచ్చి ఎక్కడా రాసుకోకుండా నిలిచాయి. తుపాకీ అడుగున అంకెల్లో చివరి మూడు నాలుగు, ఒకటి, ఏడు. సిలిండర్ ముఖం మీద సన్నగా గీసిన అంకెలు కూడా అవే.

ముసలాయన ఈల వేశాడు. "నలభై ఏళ్ళుగా బల్ల వేస్తున్నా, విడిపోయినవి కలవడం ఎప్పుడూ చూళ్ళేదు. నీకెక్కడిదయ్యా?"

"నీకిదెక్కడిది?"

"ఎవరో ఆవిడ. పక్క కౌంటీలో మా కొట్టుకి వచ్చింది, ఏప్రిల్లో. పొడుగ్గా ఉంటుంది. పళ్ళ డాక్టరు దగ్గరికొచ్చిందట, దవడలో దూది పెట్టుకుని మాట్లాడింది. రెండోదేదమ్మా, అది కూడా ఉంటే మంచి బేరం కదా అన్నా. అది ఒక మంచివాడి దగ్గరుంది, అడగలేను అంది." ముసలాయన నవ్వాడు. "ఆ మంచివాడివి నువ్వేనా?"

ఆర్లో రివాల్వర్ కింద పరిచిన గుడ్డకేసి చూస్తున్నాడు. పిండి సంచి గుడ్డతో కుట్టిన గిన్నెల తువ్వాలు. దాని మూల ఎర్రదారంతో కుట్టిన కోడిపెట్ట, బుట్ట చేత పట్టుకుని బజారుకు పోతోంది. కింద గురువారం అని అక్షరాలు.

మా ఆడవాళ్ళకు వారానికి ఏడు తువ్వాళ్ళు ఉంటాయి, ఏ రోజుది ఆ రోజు. సోమవారం కోడిపెట్ట బట్టలుతుకుతుంది, మంగళవారం ఇస్త్రీ చేస్తుంది, ఆదివారం టోపీ పెట్టుకుని చర్చికి పోతుంది. వెల్మా వంటింట్లో రోజూ మధ్యాహ్నం భోంచేసి, తిన్న కంచం కడిగి, ఆ కోడిపెట్టతోనే తుడిచే ఆర్లోకి ఏడూ తెలుసు. గురువారం కోడికి తోక కుట్టేటప్పుడు దారం అయిపోతే వెల్మా చివర నారింజరంగు దారం వేసింది. ఈ కోడి తోక చివర నారింజరంగు.

ఆర్లో బల్ల అంచు పట్టుకున్నాడు. శుక్రవారం కంచె దగ్గర ఆమె అన్న మాట గుర్తొచ్చింది. నాకు తెలుసు, అంది. అవును మరి, ఆమెకు తెలియక ఎవరికి తెలుస్తుంది?

"నా పికప్ బండిలో మంచి షాట్‌గన్ ఉంది. బాతుల వేటది," అన్నాడు ఆర్లో. "మార్చుకుంటావా?"

ముసలాయన బయటికొచ్చి షాట్‌గన్ గొట్టంలోకి తొంగిచూసి, రెండుసార్లు భుజానికెత్తి, సరే అన్నాడు. నష్టపోతున్నావయ్యా అని కూడా అన్నాడు, నిజాయితీగల మనిషి.

"గుడ్డ కూడా ఇవ్వు," అన్నాడు ఆర్లో.

"అది దేనికి?"

"గిన్నెలు తుడుచుకుంటా."

*

వెంటనే వెళ్ళి అడగలేదు. అలాంటి తువ్వాళ్ళు కుట్టే ఆడవాళ్ళు కౌంటీలో యాభైమంది ఉంటారు అని తనకు తాను చెప్పుకున్నాడు. దారం అందరికీ అయిపోతుంది. పళ్ళు అందరికీ నొప్పెడతాయి. సోమవారం వెల్మా వంటింటి కడ్డీ మీద సోమవారం కోడి ఉంది, మంగళవారం మంగళవారం కోడి. ఈ నెలన్నరలో గురువారాలు కడ్డీ మీద ఏది ఉందో తను పట్టించుకోలేదు, గురువారం కోడి కూడా ఉంటుంది, ఉంటే వెధవ ఆలోచనలు చేసినందుకు తనను తాను తిట్టుకుని ఊరుకోవచ్చు. మూడు రోజులు ఆ ఆశతో నెట్టుకొచ్చాడు. పొద్దున తాళం తీసేదాకా తొట్టి అంచు మీద కూర్చోవడం, సాయంత్రం జీను అప్పగించడం మామూలే.

గురువారం మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చేసరికి కడ్డీ మీద బుధవారం కోడి చిరిగిన గౌను కుట్టుకుంటోంది.

రాయిస్ గాలిమర బాగుచేయడానికి ఎగువ గడ్డి బయలుకు పోయాడు. వెల్మా కంచంలో మాంసం, బంగాళాదుంపలు వడ్డించింది. ఆర్లో టోపీ తీసి, ఎప్పటిలా కూర్చోకుండా, చొక్కా లోపలనుంచి మడత పెట్టిన గుడ్డ తీశాడు. బుధవారం తువ్వాలు పక్కకు జరిపి, దీన్ని కడ్డీ మీద వేసి, కొసలు సమంగా సర్దాడు.

"ఇవాళ గురువారం," అన్నాడు.

వెల్మా గరిటె గిన్నెలో పెట్టింది. కోడికేసి చూసింది. తర్వాత కుర్చీ లాక్కుని మెల్లగా కూర్చుంది.

"ఎక్కడ దొరికింది?"

"మీరమ్మిన చోటే. దాంతోపాటు ఇంకోటి కూడా దొరికింది. పికప్‌లో ఉంది."

"ఇంట్లోకి తేకు ఆర్లో! నీకు దణ్ణం పెడతా, ఇంట్లోకి మాత్రం తేకు."

ఆ గొంతు విని ఆర్లో కోపం ఒక్క క్షణం తడబడింది. ఆమె ఏప్రన్ జేబులోంచి ఒక తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

"రైఫిళ్ళ బీరువాది. మనవలొస్తారని సాకు చెప్పి నేనే పెట్టుకున్నా. ఆ రివాల్వర్ ఒక్కటే బయట మేకుకు వేలాడేది." గుక్క తిప్పుకుంది. "మార్చి ఆఖర్లో డాక్టరు ఆ చెయ్యి ఇక బాగుపడదన్నాడు, రెండోదీ అలాగే అవుతుందన్నాడు. ఆ వారమే, భోజనానికి రాలేదని వెతుక్కుంటూ ఆవులు ఈనే కొట్టంలోకి వెళ్ళా. బోర్లించిన బక్కెట్ మీద కూర్చునున్నాడు. తుపాకీ మోకాళ్ళ మీదుంది. నేను చూడనట్టే, కూర చల్లారిపోతోంది రండి అన్నా. లేచొచ్చాడు. తిన్నాడు కూడా. మర్నాడు దాన్ని తీసేశా."

పొయ్యి మీద కాఫీ మరుగుతోంది. ఇద్దరూ లేవలేదు.

"మంచి పనే చేశారు," అన్నాడు ఆర్లో. "నేనైనా అదే చేసేవాణ్ణి. నాతో ఒక్క మాట అనుంటే నేనే తీసుకెళ్ళి ఏటిలో పారేసేవాణ్ణి కదా. నన్నెందుకు దొంగని చేశారు?"

"నేను చెయ్యలేదు. ఆయనే నిన్ను అనుమానించాడు."

"మీరు చూస్తూ ఊరుకున్నారు."

"నేను తీశానంటే, ఎందుకు తీశావంటాడు. నేను చూశానని తెలిసిపోతుంది. ఆ మనిషి తట్టుకోలేడు ఆర్లో. నీకు తెలుసు ఆయన సంగతి." ఆమె చెంపలు తుడుచుకుంది. "నువ్వు గట్టివాడివి. నువ్వు తట్టుకుంటావనుకున్నా."

"బన్నులు తెచ్చిచ్చి, నాకు తెలుసు అన్నారే! ఆ మాట పట్టుకుని నేను వారమంతా..." ఆర్లో మాట పూర్తిచేయలేకపోయాడు. అతనికి ఏడుపొచ్చింది, ఆ ఏడుపుకు సిగ్గేసింది. తాళం వేసిన రాయిస్ మీద కూడా ఇంత మండలేదు. రాయిస్ తెలియక చేశాడు. ఈమె తెలిసే కాఫీ పోసింది.

"శనివారంలోపు చెప్పండి," అన్నాడు టోపీ పెట్టుకుంటూ. "ఎలా చెప్తారో నాకు తెలీదు. నేను దొంగని కాదని ఆయనకు తెలియాలి. తుపాకీ సంగతి నేను చూసుకుంటా, ఆయన చేతికి అందదు."

"చెప్తా. ఒట్టు. చెప్తా."

కంచంలో కూర అలాగే ఉంది. ఇరవై రెండేళ్ళలో ఆ ఇంట్లో అతను కంచం ముట్టకుండా లేచిన రోజు అదే.

*

శనివారం పొద్దున జీనుల గదికి తాళం లేదు.

ఆర్లో నమ్మలేక గడియ తడిమి చూశాడు. లోపలికెళ్ళి జీను తీస్తుంటే వెనక అడుగుల చప్పుడైంది. రాయిస్. కుడిచెయ్యి జేబులో లేదు. బయటే ఉంది, ఆకులా వణుకుతోంది, దాన్ని దాచుకోవడం లేదు.

"తాడు తీసుకో," అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇవాళ నువ్వూ లెస్టరూ వేస్తున్నారు."

"రాయిస్..."

"ఇప్పుడేం మాట్లాడకు. దూడలు ఎదురుచూస్తున్నాయి." ఎడమచేత్తో ఆర్లో భుజం గట్టిగా నొక్కి వెళ్ళిపోయాడు.

చెప్పింది! పాపం, ఎంత కష్టపడి చెప్పిందో. ఆర్లో చీకటి గదిలో నిలబడి తాడు చుట్టలు సరిచేసుకున్నాడు. ఆమె మీద పెంచుకున్న కోపం కరిగిపోతుంటే దాన్ని ఆపాలని కూడా అనిపించలేదు. రివాల్వర్‌ను పికప్ సీటు కింద ఇంకా లోపలికి తోసి, మళ్ళీ దానినుంచి విడదీసిన తన సిలిండర్‌ను మేజోడులో పెట్టి ఎప్పటిలా కోటు జేబులో వేసుకుని గుర్రమెక్కాడు.

ఆ రోజు అతను తాడు వేసినట్టు అంతకుముందెప్పుడూ వేయలేదు. రెండొందల దూడలు, తల్లుల అంబా అరుపులు, గ్యాసు పొయ్యి బుసలు, మాడిన వెంట్రుకల పొగ. గుర్రాన్ని మందలోకి నడకమీద పోనిచ్చి, దూడ ముందుకు అడుగు వేసే క్షణం కనిపెట్టి దాని పొట్ట కిందుగా ఉచ్చు నిలబెట్టేవాడు. రెండు వెనక కాళ్ళూ అందులోకి వచ్చి పడేవి. జీను కొమ్ముకు రెండు చుట్లు చుట్టి, గుర్రాన్ని నిప్పు వైపు తిప్పేవాడు. ఒక్క కాలే పట్టింది పదికి ఒకటి కూడా లేదు.

"ఒరేయ్, కాస్త మెల్లగా పోనీరా!" అని అరిచాడు లెస్టర్. ఏళ్ళ కిందట తాడు చుడుతూ బొటనవేలు సగం పోగొట్టుకున్న మనిషి. "నీ వేగం చూస్తే నా రెండో వేలు కూడా ఈ కొమ్ముకే అర్పించేట్టున్నా!"

"నీకు వేలెందుకు, నోరుందిగా!" అన్నాడు ఆర్లో. దూడల్ని పట్టేవాళ్ళంతా నవ్వారు. రాయిస్ పొయ్యి దగ్గర కుర్చీలో కూర్చుని కాలిన వాత కడ్డీలు అందిస్తూ అతనికేసే చూస్తున్నాడు.

మధ్యాహ్నం యంత్రాల కొట్టంలో పొడుగు బల్లలు వేసి, గుడ్డలు పరిచారు. మాంసం, చిక్కుళ్ళు, బన్నులు, పుల్లటి రూబార్బ్ కాడలు కూరి కాల్చిన పై అనే తీపి రొట్టె. నలభైమంది చేతులు కడుక్కుని టోపీలు తీసి నిలబడ్డారు. ప్రార్థన రాయిస్ చెప్పాలి. చెప్పాడు. ఆమెన్ అనే ముందు ఆగాడు.

"ఇంకొక్క మాట. నా మేకు మీద వస్తువు పోయిందని మీ అందరికీ తెలుసు. ఎవరెవరో ఏదేదో అనుకున్నారు. తీసిన మనిషి మొన్న తనంతట తానే వచ్చి మా వెల్మా ముందు ఒప్పుకున్నాడు. అవసరం పడి అమ్మానన్నాడు, ఏడ్చాడంట. తప్పు అందరం చేస్తాం. ఒప్పుకోవడానికి మగతనం కావాలి. ఆ మనిషి ఇవాళ తాడు వేశాడు, నేను బతికున్నంతకాలం నా దొడ్లో అతనే వేస్తాడు. ఈ సంగతి ఇక్కడితో అయిపోయింది. ఆమెన్."

నలభైమందీ ఆమెన్ అన్నారు. మెత్తగా, ప్రేమగా అన్నారు. ఒక్కరు కూడా ఆర్లోకేసి చూడలేదు, అదీ మర్యాదే. లెస్టర్ పక్కనుంచి సగం వేలున్న చేత్తో అతని వీపు నిమిరాడు.

"ఎవరికైనా జరుగుతుందిరా," అన్నాడు గుసగుసగా.

ఆర్లో బల్ల చివరికి చూశాడు. వెల్మా కాఫీ కూజా పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ముఖంలో భయం ఉంది, దణ్ణం పెడుతున్నట్టుంది. రాయిస్ ముఖంలో మాత్రం ఎన్నో నెలలుగా లేని వెలుగు. మనిషిని క్షమించాననే వెలుగు. వణికే చేత్తోనే బన్ను విరుచుకుంటున్నాడు.

పొద్దుట్నుంచి వేసిన ఉచ్చులన్నీ ఆర్లోకి గుర్తొచ్చాయి. ఆ పని తనకు మంచివాడని ఇవ్వలేదు, దొంగైనా ఫరవాలేదని ఇచ్చారు. తనేమో పండగ చేసుకున్నాడు. అందరి ముందూ జోకులు వేశాడు.

"రాయిస్," అన్నాడు లేచి. "నేను దాన్ని తియ్యలేదు."

నలభైమందీ కంచాల మీదికి తల వంచారు.

"అయిపోయిందిగా ఆర్లో," అన్నాడు రాయిస్ నెమ్మదిగా. "ఇక దాని ఊసొద్దు. కూర్చో, తిను."

"నువ్వు నన్ను క్షమించడానికి నేనేం చెయ్యలేదు. అది చెప్దామని లేచా."

"సరే, సరే. చెయ్యలేదులే," అన్నాడు లెస్టర్, ఆర్లో చొక్కా పట్టి కిందికి లాగుతూ, జ్వరమొచ్చినవాణ్ణి బుజ్జగించినట్టు. "తినరా ముందు."

ఎవరూ నమ్మలేదు. ఇంకొక్క మాట చాలు, నమ్ముతారు. తువ్వాలు సంగతి, పళ్ళ డాక్టరు సంగతి, బోర్లించిన బక్కెట్ సంగతి. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది. రాయిస్ బన్నుకు వెన్న రాసుకోబోయి కత్తి జారవిడిచాడు. పక్కనున్నవాడు చూడనట్టు తీసి కంచం పక్కన పెట్టాడు. ఆర్లో ఆ మాటను మింగేశాడు. ఆమె మీద జాలితో కాదు. ఆమె మీద అతనికి జాలి మిగల్లేదు.

టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు.

అతని సామానుకు రెండు పెట్టెలు చాలు. జీను, కళ్ళెం, తాడు పికప్ వెనక పడేశాడు. జీనుల గదిలో గుంజకు తగిలించి ఉన్న తాళాన్ని చూసి, దాన్ని అలాగే వదిలేశాడు. తన గుర్రాన్ని ట్రైలర్ ఎక్కిస్తుంటే వెల్మా కొట్టంలోంచి పరుగులాంటి నడకతో వచ్చింది. చేతిలో గుడ్డ కప్పిన రూబార్బ్ పై గిన్నె.

"ఎక్కడికి పోతావు?" అంది ఆయాసపడుతూ. "ఆగు ఆర్లో. ఇప్పుడు నీకేం తక్కువైంది? నిన్ను ఎవరూ ఏమీ అనరు ఇక. తాళం తీయించా. తాడు ఇప్పించా. ఆయన మనసు తేలికైంది, చూశావుగా. అందరికీ మంచే జరిగింది కదా!"

"మీరు ఒట్టేశారు."

"నోరు రాలేదు. రెండు రాత్రులు ప్రయత్నించా. మూడోసారి నోరు తెరిస్తే అదొచ్చింది." ఆమె గిన్నె ముందుకు చాచింది. "దారిలో తిను. రూబార్బ్. నీకిష్టమని."

ఆర్లో గిన్నె తీసుకుని పికప్ ముందు రేకు మీద పెట్టాడు. కోటు జేబులోంచి మేజోడు తీసి, సిలిండర్‌ను అరచేతిలోకి దొర్లించి, ఖాళీ అయిన ఆమె చేతిలో పెట్టాడు.

"తుపాకీ నేను తీసుకుపోతున్నా. వంతెన దాటేటప్పుడు లూప్ ఏట్లో పడేస్తా. దాని గురించి ఆయన్ని మీరు కాపలా కాయక్కర్లేదు," అన్నాడు. "ఇది మాత్రం మీదే. ఇన్నాళ్ళూ నేను మోశా. నన్ను అడగలేనన్నారట కదా. తీసుకోండి, అడక్కుండానే ఇస్తున్నా."

"దీన్ని నేనేం చేసుకోను? ఎక్కడ దాచను?"

"నాకు తెలీదు. నా దగ్గరుంటే నేను దొంగనయ్యా."

అతను పికప్ ఎక్కి తలుపు వేసుకున్నాడు. రూబార్బ్ గిన్నెను కిటికీలోంచి చెయ్యి చాచి తీసి, పక్కనున్న కంచె గుంజ మీద పెట్టాడు. ఇంజన్ స్టార్టయింది.

అప్పుడే కొట్టం గుమ్మంలోకి రాయిస్ వచ్చి నిలబడ్డాడు. వెనక ఇంకో పదిమంది. ఎండకు కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, పికప్‌కేసి కాదు, భార్యకేసి చూశాడు.

"వెల్మా! ఏమిచ్చాడే నీకు?"

ఆమె చప్పున పిడికిలి బిగించింది. సిలిండర్ లావుగా ఉంది. వేళ్ళు దాని చుట్టూ పూర్తిగా మూసుకోలేదు, మధ్యలోంచి ఇనుము ఎండకు తళుక్కుమంది. రాయిస్ మెట్టు దిగి ఆమె వైపు నడవసాగాడు. ఆర్లో ఆమె ఏం చెప్తుందో వినడానికి ఆగలేదు, గేరు మార్చి గేటువైపు పోనిచ్చాడు.